పార్టీలకు అతీతులం సరే, జూన్‌లో ఎక్కడున్నాం?

మా న్యూజెర్సీలో ఓటరుగా నమోదు చేసుకునే కాగితం మీద ఒక చిన్న గడి ఉంటుంది. ఏదైనా పార్టీ పేరు చెప్పుకుంటారా అని అడుగుతుంది. చెప్పుకుని తీరాలన్న నిర్బంధమేమీ లేదు. పౌరసత్వ ప్రమాణం చేసి, చిన్న కాగితం జెండా చేతబట్టుకుని ఇంటికొచ్చిన మనవాళ్లలో చాలామంది ఆ గడి దగ్గర క్షణం కూడా ఆగరు. "వద్దు" అన్నచోట టిక్కు పెట్టేస్తారు. ఎందుకండీ అని అడిగితే, "మనకెందుకీ పార్టీల గొడవ? మనిషిని చూసి వేస్తాం" అంటారు. ఎడిసన్ గుడి పార్కింగులో విన్నా, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న మా బావ ఫోనులో విన్నా ఇదే మాట.

ఆ మాట ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు. ఊళ్లో ఒంటికి పార్టీ రంగు అంటుకుంటే ఏమవుతుందో చూసి వచ్చినవాళ్లం. పింఛను జాబితాలో పేరు దగ్గర్నుంచి పెళ్లి పిలుపుల దాకా ఆ రంగే తేలుస్తుంది. కాబట్టి అమెరికా వచ్చాక పార్టీలకు అతీతులం అనుకోవడంలో ఊరట ఉంది, కాస్త గొప్పా ఉంది. ఆ భావంతో నాకు పేచీ లేదు. కానీ ఆ టిక్కు వల్ల ఇక్కడ మన ఓటు బరువు తగ్గుతోంది. ఎక్కడ తగ్గుతోందో మనం చూడటం లేదు. ఈ వ్యాసమంతా ఆ చోటు గురించే.

ముందు ఈ తటస్థులు ఎవరో చూద్దాం. గ్యాలప్ సంస్థ లెక్కల్లో 2023లో అమెరికన్లలో 43% మంది తమను తాము ఇండిపెండెంట్లమని చెప్పుకున్నారు. డెమొక్రాట్లు 27%, రిపబ్లికన్లు 27%. అంటే రెండు పార్టీలనూ విడివిడిగా మించిన పెద్ద పార్టీ, పార్టీ లేనివాళ్లదే. టీవీ వాళ్లకు ఈ అంకె చాలా ఇష్టం. రెండు పార్టీలతో విసిగి దేశం మధ్యేమార్గం కోసం ఎదురుచూస్తోందని ప్రతి ఎన్నికల ముందూ ఎవరో ఒకరు దీన్ని పట్టుకుని ఊదరగొడతారు.

అయితే ఇంకొక్క ప్రశ్న అడిగితే ఆ గుంపు కరిగిపోతుంది. "సరే, ఇండిపెండెంటే. ఎటువైపు కాస్త మొగ్గుతారు?" అని అడగాలి. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019లో వెలువరించిన లెక్క ప్రకారం తటస్థులమని చెప్పుకున్నది 38%. దాన్ని విడదీస్తే, మొత్తం జనంలో డెమొక్రాట్ల వైపు మొగ్గేవాళ్లు 17%, రిపబ్లికన్ల వైపు మొగ్గేవాళ్లు 13%. ఎటూ మొగ్గనివాళ్లు 7% మాత్రమే. ఆ 7% రాజకీయాల మీద ఆసక్తి తక్కువున్నవాళ్లు, ఓటు వెయ్యడానికి కూడా తక్కువగా వెళ్లేవాళ్లు. మొగ్గేవాళ్లు మాత్రం ఓటు దగ్గరికొచ్చేసరికి అచ్చం పార్టీ మనుషుల్లాగే నడుచుకుంటారని రాజకీయ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు.

2012 ఎన్నికను చూడండి. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం ఇండిపెండెంట్లలో మిట్ రామ్నీకి 50%, ఒబామాకు 45%. తటస్థుల్ని గెలుచుకున్నవాడిదే గెలుపు అన్న సూత్రమే నిజమైతే రామ్నీ అధ్యక్షుడు కావాలి. ఓడిపోయాడు. ఇండిపెండెంటు అని చెప్పుకున్నవాళ్లలో పార్టీ పేరు మీద అలిగిన రిపబ్లికన్లు ఆ ఏడాది ఎక్కువ ఉన్నారు, అంతే.

మొగ్గు ఉండీ పేరు చెప్పుకోకపోవడం ఎందుకంటే, నాకు తోచిన కారణం సిగ్గు. పార్టీల మీద గౌరవం పోయింది. నలుగురిలో పార్టీ పేరెత్తితే పోట్లాటకు దిగే మనిషనుకుంటారన్న జంకు ఉంది. దీనికి తోడు ఈ దేశం పుట్టుకలోనే పార్టీలంటే ఒక ఏవగింపు ఉంది. రాజ్యాంగంలో పార్టీ అన్న ఊసే లేదు. జార్జి వాషింగ్టన్ 1796లో పదవి వదులుతూ రాసిన లేఖలో పార్టీతత్వం గురించి గట్టిగా హెచ్చరించాడు. స్వర్గానికైనా సరే, పార్టీతో కలిసి తప్ప పోలేనంటే అసలు పోనే పోనని 1789లో ఒక ఉత్తరంలో రాసుకున్న జెఫర్సన్, పదేళ్లు తిరిగేసరికల్లా ఒక పార్టీకి నాయకుడై, 1800లో ఆ పార్టీ బలంతోనే అధ్యక్షుడిగా గెలిచాడు. మాట అలా, పని ఇలా. ఈ దేశంలో పార్టీల కథంతా ఈ రెండింటి మధ్యే నడుస్తోంది.

ఇక్కడొక సంగతి విడమర్చాలి. మనం "పార్టీ" అనగానే మనసులో మెదిలేది మన ఊరి పార్టీ. అధినేత ఉంటాడు, బీ-ఫారం ఆయన చేతిలో ఉంటుంది, విప్ జారీ అవుతుంది, ధిక్కరిస్తే ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వం పోతుంది. అమెరికా పార్టీలో ఇవేవీ లేవు. సభ్యత్వ రుసుం లేదు. బహిష్కరణ లేదు. నేను డెమొక్రాట్‌నని కాగితం మీద రాసుకుంటే డెమొక్రాట్‌నే, వద్దనే అధికారం ఆ పార్టీ అధ్యక్షుడికి కూడా లేదు. సభలో సొంత పార్టీకి ఎదురు తిరిగి ఓటేసినా సీటుకు ఢోకా లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, టికెట్టు ఇచ్చేది పార్టీ పెద్దలు కారు. ఎప్పుడూ ఇలాగే లేదు. పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే ముందుగా తేల్చే ఎన్నికను ప్రైమరీ అంటారు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చెయ్యకుండానే డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి అయ్యాడు. షికాగోలో సమావేశం లోపల పెద్దలు ఆయన్ని నిలబెడుతుంటే, బయట వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే కుర్రాళ్లను పోలీసులు లాఠీలతో బాదారు. ఆ అవమానం నుంచి పుట్టిందే, అభ్యర్థి ఎంపిక పద్ధతిని మార్చడానికి డెమొక్రాట్లు వేసుకున్న మెక్‌గవర్న్-ఫ్రేజర్ కమిషన్. 1972 నుంచి అధ్యక్ష అభ్యర్థి ఎంపిక ప్రైమరీ ఓటర్ల చేతికి వచ్చేసింది. గవర్నర్, సెనెటర్, కాంగ్రెస్ సభ్యుల టికెట్లు చాలా రాష్ట్రాల్లో అంతకు ఎంతో ముందు నుంచే ప్రైమరీల్లో తేలుతున్నాయి. 2016లో రిపబ్లికన్ పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ట్రంప్ వద్దన్నారు. ఆపగలిగారా? ప్రైమరీల్లో ఆయనకు కోటీ 40 లక్షల ఓట్లు పడ్డాయి. అక్కడితో సరి.

అంటే అమెరికాలో బీ-ఫారం ఓటరు చేతిలో ఉంది. అయితే ఏ ఓటరు చేతిలో? ప్రైమరీకి వచ్చిన ఓటరు చేతిలో. మనిషిని చూసి వేస్తామనే మనం నవంబరులో వెళ్లేసరికి, ఆ మనిషి ఎవరో ఏ మార్చిలోనో, జూన్‌లోనో, ఆగస్టులోనో వేరేవాళ్లు తేల్చేసి ఉంటారు. ప్రతినిధుల సభలో 435 స్థానాలున్నాయి. నవంబరులో నిజంగా పోటీ ఉండేది వాటిలో కొన్ని డజన్ల చోట్ల. మిగతా చోట్ల ఫలానా పార్టీ గెలుస్తుందని ఏడాది ముందే చెప్పొచ్చు. అలాంటి చోట్ల ప్రైమరీయే ఎన్నిక, నవంబరుది తద్దినం.

దీని ఖరీదు మనవాళ్లకు ఎంత పడిందో చెప్పడానికి నా దృష్టిలో ఒక ఉదంతం చాలు. తెలుగు సంఘాల వేదికల మీద దీన్ని ఎవరూ తలచుకోగా నేను వినలేదు.

2013 జూన్‌లో సెనేట్ ఒక పెద్ద వలస సంస్కరణల బిల్లును ఆమోదించింది. నంబరు ఎస్. 744. 68 మంది అవునన్నారు, 32 మంది కాదన్నారు. రెండు పార్టీల వాళ్లూ కలిసి రాసిన బిల్లు. హెచ్-1బీల మీద ఎక్కువగా ఆధారపడే కంపెనీలను అది గట్టిగానే బిగించేది, ఆ సంగతి దాచను. కానీ దానిలో ఇంకొకటి ఉంది. ఉద్యోగాల ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులకు ఒక్కో దేశానికి 7% అనే పరిమితిని ఎత్తేసే నిబంధన. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి నిలబడ్డ ఏ తెలుగింటినైనా అడగండి, ఆ 7% అంటే ఏమిటో చెబుతారు. పిల్లలకు 21 నిండితే డిపెండెంటు వీసా పోతుందని క్యాలెండరు చూసుకుంటూ గడిపే ఇళ్లవి.

ఆ బిల్లు ప్రతినిధుల సభలో ఆగింది. అక్కడ మెజారిటీ రిపబ్లికన్లది. వారి నాయకుడు ఎరిక్ కాంటర్, స్పీకరు తర్వాత రెండో స్థానం, రేపో మాపో స్పీకరు అవుతాడని అందరూ అనుకున్న మనిషి. ఆయన నియోజకవర్గం వర్జీనియా 7వ జిల్లా, రిచ్‌మండ్ శివార్లు. షార్ట్ పంప్, గ్లెన్ అలెన్ అన్న పేర్లు మనవాళ్లకు కొత్తేమీ కాదు. కాంటర్ ఈ బిల్లుకు మద్దతుదారు కూడా కాదు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చేసిన పిల్లలకు ఏదో ఒక దారి చూపించాలని మాత్రం అన్నాడు. ఆ పాటి మెత్తదనం చాలు, డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ దాన్ని పట్టుకుని ప్రైమరీలో దిగాడు. కాంటర్ ప్రచారం వాళ్ల స్టేక్‌హౌస్ బిల్లులే దాదాపు బ్రాట్ మొత్తం ఖర్చుకు సమానమని అప్పట్లో పత్రికలు రాశాయి.

2014 జూన్ 10. పోలైన ఓట్లు సుమారు 65 వేలు. బ్రాట్‌కు 36,105. కాంటర్‌కు 28,912. మెజారిటీ లీడర్ పదవి 1899లో ఏర్పడినప్పటి నుంచి ఆ పదవిలో ఉన్నవాడు సొంత పార్టీ ప్రైమరీలో ఓడటం అదే మొదటిసారి. అప్పటికే మూలుగుతున్న బిల్లు మీద తాటిపండు పడింది. ఆ నెలాఖరుకల్లా, ఈ ఏడాది ఈ బిల్లును ఓటుకు పెట్టబోమని స్పీకరు బోనర్ తనతో చెప్పాడని ఒబామా ప్రకటించాడు. కాంటర్ గెలిచి ఉంటే బిల్లు గట్టెక్కేదని నేను బల్లగుద్ది చెప్పను. కానీ ఆ రాత్రి తర్వాత వలసల మాటెత్తాలంటే రిపబ్లికన్ సభ్యులకు వెన్నులో చలి పుట్టింది. అది మాత్రం ఖాయం.

ఇప్పుడు అసలు సంగతి. వర్జీనియాలో ఓటరు నమోదులో పార్టీ అన్నదే లేదు. ఓటరుగా నమోదైన ఎవరైనా వెళ్లి రిపబ్లికన్ ప్రైమరీలో ఓటెయ్యొచ్చు. ఎవరూ ఆపరు. ఏడు లక్షల పైచిలుకు జనమున్న జిల్లాలో తేడా 7 వేల చిల్లర. "మనకెందుకీ పార్టీల గొడవ" అనుకున్నవాళ్లు ఆ జిల్లాలో ఎన్ని వేల మంది ఉండి ఉంటారు? ఏ రంగు వాళ్లయినా సరే, మనవాళ్లే అననక్కర్లేదు. ఇంట్లో కూర్చున్న ఆ తటస్థుల బదులు 36 వేల మంది నిర్ణయం తీసుకున్నారు. తీసుకునే హక్కు వాళ్లకుంది, వచ్చారు కాబట్టి.

ఆ కథకు ఒక కొసరు. 2018లో అదే బ్రాట్‌ను అదే జిల్లాలో డెమొక్రాట్ అబిగేల్ స్పాన్‌బర్గర్ 7 వేల లోపు తేడాతో ఓడించింది. 2025 నవంబరులో ఆమె వర్జీనియా గవర్నరుగా గెలిచింది. ఆమెతో పాటు లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచిన గజాలా హష్మీ హైదరాబాదులో పుట్టిన మనిషి. హష్మీ ప్రైమరీలో ఆరుగురు పోటీపడ్డారు. ఆమెకు 30% ఓట్లు కూడా రాలేదు. రెండో స్థానంలో వచ్చిన స్టోనీకీ ఆమెకూ మధ్య తేడా ఒక శాతం లోపే. నవంబరులో లక్షల తేడాతో గెలిచిన పదవి జూన్‌లో అంత సన్నటి దారిలోంచి వచ్చింది.

న్యూయార్కులో పరిస్థితి ఇంకో రకం. అక్కడ ప్రైమరీకి తలుపులు మూసి ఉంటాయి. పార్టీ పేరు రాసుకోనివాడికి ప్రవేశం లేదు, పైగా ఆ పేరు ముందుగానే రాసుకుని ఉండాలి. 2016లో ట్రంప్ పిల్లలు ఎరిక్, ఇవాంకా ఇద్దరూ గడువులోగా రిపబ్లికన్లుగా నమోదు కాక, సొంత తండ్రికి ప్రైమరీలో ఓటు వెయ్యలేకపోయారు. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది. 2018లో క్వీన్స్, బ్రాంక్స్ కలిసిన జిల్లాలో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ డెమొక్రాట్ల పెద్ద తలకాయ జో క్రౌలీని ఓడించిన ప్రైమరీలో పడ్డ ఓట్లు 30 వేల లోపే. ఆమె రాజకీయం మీకు నచ్చినా నచ్చకపోయినా, తర్వాత ఏళ్ల తరబడి దేశమంతా చెప్పుకున్న మలుపు ఆ 30 వేల మంది చేతిలోది. అక్కడి తటస్థులకు చూడటం తప్ప చెయ్యగలిగింది లేదు.

మా న్యూజెర్సీ ఈ రెంటికీ మధ్య. నమోదైన ఓటర్లలో మూడో వంతుకు పైగా ఏ పార్టీ పేరూ లేనివాళ్లే. ప్రైమరీ రోజున అక్కడికక్కడే పార్టీ పేరు చెప్పి ఓటు వెయ్యొచ్చు. ఒకసారి పార్టీలో చేరాక మారాలంటే మాత్రం ప్రైమరీకి 55 రోజుల ముందే చెప్పాలి. తలుపు తీసే ఉంది, కానీ లోపలికొచ్చేవాళ్లు తక్కువ. రానివాళ్ల లోటు ఎవరికి లాభమైందో చెప్పాలంటే "కౌంటీ లైన్" కథ చెప్పాలి.

మిగతా రాష్ట్రాల్లో ఫలానా పదవికి పోటీ చేసేవాళ్లందరి పేర్లూ ఒకచోట ఉంటాయి. న్యూజెర్సీలో దశాబ్దాల పాటు అలా లేదు. కౌంటీ పార్టీ బలపరిచిన వాళ్లంతా, అధ్యక్ష పదవి నుంచి టౌన్‌షిప్ కమిటీ దాకా, ఒకే నిలువు వరసలో దర్జాగా కనిపించేవారు. మిగతావాళ్ల పేర్లు ఎక్కడో మూల విసిరేసినట్టుండేవి. వరసలో చోటుంటే సగం గెలిచినట్టే. ఆ చోటు ఎవరికన్నది చాలా కౌంటీల్లో ఛైర్మన్ చెప్పినట్టే జరిగేది. అధినేత చేతి బీ-ఫారం లేదని ఇందాక అన్నాను కదా, మా రాష్ట్రం దానికి దొడ్డిదారి కనిపెట్టిందన్నమాట.

2023 సెప్టెంబరులో సెనెటర్ మెనెండెజ్ లంచాల కేసులో ఇరుక్కున్నాడు. మర్నాడే ఆండీ కిమ్ అనే కాంగ్రెస్ సభ్యుడు ఆ సీటుకు పోటీ చేస్తానన్నాడు. తర్వాత గవర్నరు భార్య టామీ మర్ఫీ దిగింది. అంతకుముందు ఏ ఎన్నికల్లోనూ పోటీ చెయ్యని ఆమె వెనక పెద్ద కౌంటీల ఛైర్మన్లు వరసకట్టారు. కిమ్ రెండు పనులు చేశాడు. కౌంటీ కమిటీ సభ్యులు రహస్యంగా ఓటేసే చోటికల్లా వెళ్లి వాళ్లను అడిగి గెలుచుకొచ్చాడు. ఇంకోపక్క బ్యాలెట్ రూపం మీదే కోర్టుకెళ్లాడు. 2024 మార్చి చివర్లో మర్ఫీ తప్పుకుంది. కొద్ది రోజులకే ఫెడరల్ జడ్జి జాహిద్ ఖురేషీ ఆ ఏడాది డెమొక్రాట్ల ప్రైమరీకి కౌంటీ లైన్ చెల్లదన్నాడు. 2025 గవర్నరు ప్రైమరీకల్లా రెండు పార్టీల్లోనూ ఆ వరస పోయింది.

ఇది నాకెందుకు ముఖ్యమంటే, పార్టీల మీద తటస్థుడు మోపే నేరాలన్నీ ఆ వరసలో ఉన్నాయి. బంధుప్రీతి, గదుల్లో బేరాలు, జనాన్ని మభ్యపెట్టడం, అన్నీ. దాన్ని కూల్చింది తటస్థులు కారు. పార్టీ లోపలి మనిషి, పార్టీ లోపలి ఓట్లతో, కాలనీ వీధుల నుంచి వచ్చిన కమిటీ సభ్యుల మద్దతుతో మొదలుపెట్టి కూల్చాడు. బయట నిలబడి ఛీకొట్టినవాళ్ల వల్ల ఆ ఛైర్మన్లకు వచ్చిన నష్టం లేదు. ప్రైమరీకి వచ్చేవాళ్లు ఎంత తక్కువుంటే వాళ్ల పట్టు అంత గట్టిపడేది.

కౌంటీ కమిటీ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. ఒక్కో పోలింగు కేంద్రం పరిధి నుంచి ఒక్కో పార్టీకి సాధారణంగా ఇద్దరు సభ్యులు ప్రైమరీలో ఎన్నికవుతారు. జీతం లేదు, బత్తెం లేదు. చాలా చోట్ల పోటీ ఉండదు, కొన్ని చోట్ల కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. కానీ శాసనసభ్యుడు మధ్యలో రాజీనామా చేస్తే, తర్వాతి ఎన్నిక దాకా ఆ సీటులో కూర్చునేదెవరో తేల్చేది ఆ పార్టీ కౌంటీ కమిటీ సభ్యులే. కొన్ని వందల మంది ఒక హాల్లో కూర్చుని ఎమ్మెల్యేను పంపుతారు! మా పక్క వీధి రిటైర్డు టీచరుకు ఆ ఓటుంది, అదే వీధిలో ఉన్న నలుగురు సాఫ్ట్‌వేర్ డైరెక్టర్లకు లేదు.

వెంటనే వచ్చే ప్రశ్న నాకు తెలుసు. రెండు పార్టీలూ చెడ్డవైనప్పుడు ఇండిపెండెంటు అభ్యర్థినే గెలిపించుకుంటే పోలేదా?

ప్రయత్నించినవాళ్లున్నారు. 1992లో రాస్ పెరోకు కోటీ 97 లక్షల ఓట్లు పడ్డాయి, దాదాపు 19%. మెయిన్, యూటా రాష్ట్రాల్లో రెండో స్థానం. కానీ అధ్యక్షుణ్ణి నిజంగా తేల్చేవి రాష్ట్రాల వారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లు, అవి మాత్రం సున్నా. ఒక్కో చోట ఒక్కరే గెలిచే పద్ధతిలో మూడోవాడికి దక్కేది అదే. ఇక పోటీకి నిలబడటమే యజ్ఞం. టెక్సస్‌లో 2024లో స్వతంత్రంగా అధ్యక్ష పదవికి నిలబడాలంటే లక్షా 13 వేల పైచిలుకు సంతకాలు కావాలి. ఆ ఏడాది ఏ పార్టీ ప్రైమరీలో ఓటేసినవాడి సంతకమూ చెల్లదు. రూలు రాసింది రెండు పార్టీల వాళ్లే, మరి.

నెబ్రాస్కాలో 2024లో డ్యాన్ ఆస్బర్న్ అనే మెకానిక్, కెల్లాగ్స్ ఫ్యాక్టరీ సమ్మెకు నాయకత్వం వహించినవాడు, ఏ పార్టీ లేకుండా సెనేట్‌కు నిలబడ్డాడు. ట్రంప్ 20 పాయింట్ల తేడాతో గెలిచిన రాష్ట్రంలో ఈయన 7 పాయింట్ల లోపు తేడాతో ఓడాడు. గొప్ప పోరాటమే. కానీ అక్కడ డెమొక్రాట్లు అభ్యర్థిని పెట్టకుండా తప్పుకున్నారు కాబట్టే అది ముఖాముఖి పోటీ అయింది. స్వతంత్రుడి వెనక కూడా ఒక పార్టీ తీసుకున్న నిర్ణయం ఉంది.

అసలు పార్టీలే లేకపోతే ఎలా ఉంటుందో కూడా నెబ్రాస్కాలోనే చూడొచ్చు. అక్కడి శాసనసభకు 1937 నుంచి ఒకటే సభ, ఇప్పుడు 49 మంది సభ్యులు, బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు. దీనిలో మంచి ఉంది. 2024 సెప్టెంబరులో రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ గెలిచినవాడికే ఇచ్చేలా చట్టం మార్చాలని ట్రంప్ వర్గం ఒత్తిడి తెచ్చినప్పుడు, మైక్ మెక్‌డానెల్ అనే సభ్యుడు, కొన్ని నెలల క్రితమే రిపబ్లికన్‌గా మారినవాడు, ససేమిరా అన్నాడు. దానితో ఆ ప్రయత్నం ఆగిపోయింది. కానీ పొరుగున ఉన్న కాన్సాస్ సభతో దీన్ని పోల్చిన ఇద్దరు పరిశోధకులు 2002లో ఒక సంగతి గమనించారు. రెండు రాష్ట్రాల అభ్యర్థుల అభిప్రాయాలూ దాదాపు ఒకేలా చీలి ఉన్నాయి. కాన్సాస్‌లో గెలిచాక ఆ చీలికే సభ ఓట్లలో కనబడింది. నెబ్రాస్కాలో ఎవరు ఎప్పుడు ఎటు ఓటేస్తారో ఒక తీరూ తెన్నూ లేదు. తీరు లేనప్పుడు, నాలుగేళ్ల తర్వాత ఓటరు ఎవరిని నిలదియ్యాలి? పార్టీ పేరు ఓటరుకు ఇచ్చే మొట్టమొదటి సాయం అదే, నిలదియ్యడానికి ఒక గొంతు దొరకడం.

రూల్సే మార్చాలన్న దారి ఒకటుంది. నాకు ఇష్టమైన దారి కూడా. కాలిఫోర్నియాలో 2012 నుంచి అందరికీ ఒకటే ప్రైమరీ, పైనున్న ఇద్దరు నవంబరుకు వెళ్తారు. అలాస్కాలో నలుగురు వెళ్తారు, ఓటరు వాళ్లను 1, 2, 3, 4 అని వరస పెడతాడు. అక్కడి సెనెటర్ లీసా మర్కౌస్కీ 2010లో రిపబ్లికన్ ప్రైమరీలో ఓడి, బ్యాలెట్ మీద పేరు లేకుండా, జనం చేత చేత్తో పేరు రాయించుకుని గెలిచిన మొండిఘటం. 2022లో ఈ కొత్త పద్ధతి ఉండటం వల్ల ఆమెకు పార్టీ ప్రైమరీ గండమే లేకపోయింది. అదే పద్ధతిని తీసెయ్యాలని 2024లో అలాస్కాలో ఓటింగు పెడితే, వెయ్యి ఓట్ల లోపు తేడాతో బతికి బయటపడింది. మరి అదే రోజు ఇలాంటి సంస్కరణలు కొలరాడో, ఐడహో, నెవాడా ఓటర్ల ముందుకొస్తే మూడు చోట్లా ఓడిపోయాయి. 43% ఇండిపెండెంట్లున్న దేశంలో ఇండిపెండెంట్లకు తలుపు తెరిచే ప్రతిపాదనలు ఓడిపోవడం! పార్టీ లేనివాళ్లకు సంఘం లేదు, సంఘం లేనివాళ్ల తరఫున ఇల్లిల్లూ తిరిగేవాళ్లు లేరు. నాకు ఇంతకన్నా వేరే కారణం కనబడదు.

కాలిఫోర్నియా అన్నాను కాబట్టి ఒక పిట్టకథ. అక్కడ "అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ" అని ఒకటుంది. 1967లో, నల్లవాళ్లను వేరుగా ఉంచాలన్న జార్జి వాలెస్ కోసం పుట్టింది. 2016 నాటికి ఐదు లక్షల మంది సభ్యులు. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్ టైమ్స్ సర్వే చేస్తే, వారిలో నలుగురిలో దాదాపు ముగ్గురికి తామొక పార్టీలో చేరామనే తెలియదు. ఏ పార్టీ వద్దనుకుని, "ఇండిపెండెంట్" అన్న మాట కనబడగానే టిక్కు పెట్టారు!

మనవాళ్ల విషయానికొస్తే, కార్నెగీ ఎండోమెంట్ సర్వేలో భారతీయ అమెరికన్లలో డెమొక్రాట్లమని చెప్పుకున్నవాళ్లు 2020లో 56% ఉంటే 2024లో 47%కి తగ్గారు. ఇండిపెండెంట్లు పెరిగారు. దీన్ని చూసి, ఇక రెండు పార్టీలూ మన కోసం పోటీపడతాయి అని సంబరపడ్డవాళ్లను చూశాను. ప్రచారం ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ సంబరం చల్లారుతుంది. ప్రతి అభ్యర్థీ ఓటర్ల జాబితా తెచ్చుకుంటాడు. నువ్వు ఎవరికి వేశావో దానిలో ఉండదు. ఏయే ఎన్నికలకు వచ్చావో, ఏ పార్టీ ప్రైమరీకి వచ్చావో ఉంటుంది. ఎండలో తిరిగే కార్యకర్తకు ఇచ్చే కాగితంలో ప్రైమరీకి తప్పకుండా వచ్చే ఇళ్లే ముందుంటాయి. ప్రైమరీ చరిత్ర లేని ఇంటి తలుపు వసంతకాలంలో ఎవరూ తట్టరు. మనకు హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) గురించి, స్కూలు పన్నుల గురించి ఎన్ని అభిప్రాయాలున్నా వినడానికి వచ్చేవాడుండడు.

పార్టీలో చేరమంటే పార్టీని ప్రేమించమని కాదు. పార్టీ పేరు బస్సు టికెట్టు లాంటిది, డ్రైవరు మీద భక్తి ఉండక్కర్లేదు. ఈ దేశంలో ఇప్పుడు చాలామందికి సొంత పార్టీ మీద ప్రేమకన్నా అవతలి పార్టీ మీద అసహ్యం ఎక్కువ. ఆ అసహ్యంలోకి దిగమని నేను ఎవరికీ చెప్పను. అసహ్యం లేని మనుషులు ప్రైమరీల్లోకి రావాలి, అంతే. వాళ్లు ఇంట్లో ఉండిపోతే ఆ గది మిగిలేది అసహ్యం నిండినవాళ్లకే. గది అలా ఉంది కాబట్టి రామంటారు, రారు కాబట్టి గది అలా ఉంది.

ఏ పార్టీ అనేది కూడా నా దృష్టిలో పెద్ద చిక్కు కాదు. నీ ఇంటి దగ్గర ఎన్నిక ఏ పార్టీ ప్రైమరీలో తేలుతుందో చూసుకో. మా మిడిల్‌సెక్స్ కౌంటీలో చాలావరకు డెమొక్రాట్ల దాన్లో. మా బావ ఉండే ఫ్రిస్కోలో రిపబ్లికన్ల దాన్లో. టెక్సస్‌లో పార్టీ నమోదు లేదు. మార్చిలో ఏ బ్యాలెట్ అడిగితే అది ఇస్తారు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మేలో జరిగే రెండో విడత, రనాఫ్‌కు మాత్రం ఆ ఏడాది అదే పార్టీకి కట్టుబడాలి. మా బావ మనసంతా డెమొక్రాట్ల వైపే. "నచ్చని పార్టీలో దూరి ఓటెయ్యడం దొంగతనం కాదట్రా?" అని అడిగాడు. అవతలివాళ్లు ఓడిపోవాలని వాళ్లలో చెత్త అభ్యర్థికి వేస్తే దొంగతనమే. రేపు నా ఊరిని, నా పిల్లల బడిని ఏలబోయేవాళ్లలో కాస్త మేలైనవాడెవడని చూసి వేస్తే దానిలో తప్పేముంది? చట్టమూ ఒప్పుకుంటుంది, నా మనసూ ఒప్పుకుంటుంది. "మనిషిని చూసి వేస్తాం" అనేవాడివి కదా బావా, చూడటానికి మనుషులు వరసగా నిలబడేది అక్కడే అన్నాను.

మొన్న మార్చిలో వెళ్లి వేసొచ్చాడు. ఇప్పుడు ఇంటికి వారానికి నాలుగు ఉత్తరాలొస్తున్నాయట, "ప్రియమైన కన్సర్వేటివ్ మిత్రమా" అని. మా అక్క అవి తీసి చదివి, పిల్లల బడి గురించి ఏ అభ్యర్థి ఏం రాశాడో పెన్నుతో గీతలు పెట్టి, ఈయన ముందు పడేస్తోంది.